పీడలమ్మ నడిచొచ్చిన దారి

రెల్లుపాలెంలో అమ్మవారి పేరు పీడలమ్మ. పీడలు పోగొట్టే తల్లి కనుక పీడలమ్మ అని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అక్కడితో ఆగరు, ఎవరికే పీడ పట్టి ఎలా విరగడైందో కూడా చెప్పి గానీ వదలరు. ఫర్హానా అవన్నీ ఓపిగ్గా విని, చెప్పులు విడిచి గద్దె దగ్గరికి వెళ్లి, వంగి చూసి, వేలితో తడిమి, నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

గద్దె మీద నడుమెత్తున నల్లరాయి. ఒంటినిండా అంగుళం మందాన పసుపు. ఆ పసుపు కింద, కంటికి అందకపోయినా వేలికి అందేటట్టు, మూడు ఇంగ్లీషు అక్షరాలు. పి, డబ్ల్యూ, డి. అది తమ డిపార్ట్‌మెంటు రాయి. దొరల కాలంలో కరకట్ట మీద పాతిన రాయి, పీడబ్ల్యూడీ అని నోరు తిరగని జనం నోళ్లలో నాని నాని పీడలమ్మ అయి కూర్చుంది.

“నవ్వుతావేంటమ్మాయ్, తల్లి ముందు?” అంది అంకమ్మ. గుడి ఊడ్చి ముగ్గేసే ముసలమ్మ ఆమె. చేతిలో చీపురు ఉంది, కొట్టినా కొడుతుందేమోనని ఫర్హానా ఓ అడుగు వెనక్కి వేసింది.

“తప్పే మామ్మా. మా ఆఫీసు పేరు వేలికి తగిలితేనూ, ఆగలేకపోయా.”

“మీ ఆఫీసేంటి, లోకమంతా తల్లిదే. ఇట్టా రా. బొడ్డు తాకి దండం పెట్టుకో, పిల్లా పాపా కలుగుతారు.”

అక్షరాల కింద అరచేతి వెడల్పున గుండ్రంగా ఓ గాడి ఉంది. ఊరి ఆడవాళ్ల వేళ్లు తగిలి తగిలి నున్నగా అరిగింది. అంకమ్మ మాట కాదనలేక ఫర్హానా కూడా దాన్ని తాకింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ రాయి చల్లగా ఉంది.

ఫర్హానాది తెనాలి. రేపల్లె సెక్షన్లో అసిస్టెంట్ ఇంజనీరు. పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కడం, సాయంత్రం అదే పాసింజరులో ఇంటికి రావడం, మధ్యలో కాలవలూ కరకట్టలూ రైతుల తిట్లూ. ఇవి చాలవన్నట్టు రెండువేల తొమ్మిది వేసవిలో, బాపట్లలో ఉండే పై ఆఫీసరు, ఈఈ జగన్నాథరావు గారు ఆమెను పిలిచి ఇంకో పని అంటగట్టారు. డిపార్ట్‌మెంటు పుట్టి నూట యాభై ఏళ్లు దాటిందట, ప్రత్యేక సంచిక వేస్తారట. “మన డివిజన్ చరిత్ర నువ్వు రాయమ్మా. నీకు తెలుగు బాగా వచ్చు. ఎవరూ చదవరనుకో. చదవరు కాబట్టే తప్పులుండకూడదు, ఎప్పుడో ఒకడు పనిగట్టుకుని చదువుతాడు” అన్నారాయన.

నిజానికి పీడబ్ల్యూడీ అనే పేరే ఇప్పుడు బోర్డుల మీద లేదు. రోడ్లు, భవనాలు ఒకరు పట్టుకుపోయారు, నీళ్లు ఒకరు పట్టుకుపోయారు. అన్నదమ్ములు వేరుపడ్డా ఇంటిపేరు మారనట్టు, జనం మాత్రం అందరినీ కలిపి పీడబ్ల్యూడీ వాళ్లనే అంటారు. ఒకప్పుడు ఆ మూడక్షరాలంటే హడల్. కట్ట మీద గేదెను మేపితే జరిమానా, చెట్టు కొమ్మ విరిస్తే జరిమానా. వరదల రోజుల్లో అర ఫర్లాంగుకో పాక, పాకకో కట్ట కాపలా లస్కరు, లస్కరు మెళ్లో డప్పు. దొర గుర్రమెక్కి వస్తున్నాడంటే కట్ట కింద ఊళ్లో కుక్కలు కూడా మొరిగేవి కావని తెనాలి ముసలాళ్లు చెప్పారు. ఫర్హానా అవన్నీ పోగేసుకుంటూ, పనిలో పనిగా రెల్లుపాలెం వచ్చింది. ఈ పీడలమ్మ కథ వ్యాసానికి తలపాగాలో తురాయిలా ఉంటుందని మురిసిపోయింది కూడా.

అంకమ్మ ఇంకో సంగతి చెప్పింది. వరద వస్తే ఈ ఊళ్లో ముందు ఇసుక బస్తాలు పడాల్సింది అమ్మ కాళ్ల దగ్గరేనట. ఆ తర్వాతే మిగతా కట్ట. వాళ్ల అత్త కాలం నుంచీ, అత్తగారి అత్త కాలం నుంచీ అంతేనట.

“అయితే అప్పుడు తల్లి ఈడ లేదులే. ఎగువన తాటితోపు కాడ ఉండేది. తల్లి ఎదురుగా పొయ్యి ఎలిగించకూడదని ఆ కింద ఒక్క గుడిసె కూడా ఎయ్యనిచ్చేవాళ్లు కాదు. డెబ్బై ఏడు తుఫానులో తోపూ పోయింది, సగం ఊరూ పోయింది. తల్లి మాత్రం నడిచి ఈడికొచ్చి నిలబడింది.”

“నడిచా?”

“మరి? బసవపున్నయ్య గారినడుగు. ఆయనకే గదా కలలో కనబడింది!”

బసవపున్నయ్య గుడి ధర్మకర్త. రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసిన మనిషి, ఇస్త్రీ మడత నలగని పంచె, ఎవరినీ ఏకవచనంతో పిలవని నోరు. ఊళ్లో సగం మంది ఆయనకు బాకీ లేకపోయినా బాకీ ఉన్నట్టే నిలబడతారు. ఆయన వచ్చి, కళ్లు సగం మూసుకుని, ఆ కల చెప్పాడు. అమ్మ ఎర్రచీర కట్టుకుని వచ్చిందట. ఉన్నచోట ఎండకి ఓర్చుకోలేకపోతున్నాను నాయనా అందట. ఆ తర్వాత తుఫాను. బతికినవాళ్లంతా రేపల్లె బడిలో తలదాచుకుని, నీళ్లు తీశాక తిరిగి వస్తే, అమ్మ ఇక్కడ నిటారుగా నిలబడి ఉందట. అప్పటికి ముప్పై రెండేళ్ల కిందటి మాటైనా, నిన్నగాక మొన్న జరిగినట్టే చెప్పాడాయన. ఫర్హానా ముక్క వదలకుండా రాసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వాళ్ల తాత జాన్ సైదా అరుగు మీద కూర్చుని బఠాణీలు నములుతున్నాడు. తెనాలిలో పేరున్న రాతిపని కుటుంబం వాళ్లది. ముసలాయన చేతులు ఇప్పుడు ఉలి పట్టలేవు. మనవడు ఫరూక్ మార్కెట్ వెనక దుకాణంలో నేమ్‌ప్లేట్లూ గోరీ రాళ్లూ చెక్కుతుంటాడు. ఫర్హానా నవ్వుతూ పీడలమ్మ కథంతా చెప్పి, చివర్లో ఆ బొడ్డు సంగతి కూడా చెప్పింది.

ముసలాయన నమలడం ఆపాడు. “పీడబ్ల్యూడీ కింద గుండ్రమా? అది బొడ్డు కాదు బేటీ. కడుపు.”

“కడుపేంటి దాదా?”

“రాయి కింద కడుపుందని గుర్తు. ఎనకట కట్టలో తూములుండేయి గదా. కొన్ని అక్కర్లేక పూడ్చేసేవాళ్లు. ఎంత మట్టి కూరినా కట్టకి ఆడ కడుపు మిగిలే ఉంటది. వరదొస్తే నీళ్లు ముందు దాన్నే ఎతుక్కుంటయ్. అందుకని పైన రాయి పాతి, గుండ్రం చెక్కించేవాళ్లు. మా అబ్బాజాన్ చెక్కుతుంటే నేను ఉలి మీద నీళ్లు పోసేవాణ్ణి. వరదొస్తే ముందు బస్తాలు ఈడ పడాలి, ఎదురుగా ఇల్లు కట్టనివ్వద్దు అని దొర లస్కర్లకి మరీ మరీ చెప్పేవాడు.”

“మరి తుఫానులో రాయి దానంతటదే నడిచొచ్చిందంటున్నారు?”

జాన్ సైదా పళ్లు లేని నోటితో నవ్వాడు. “రాయి నడవటమేంటి బేటీ? మోస్తే కదులుద్ది. అట్టాంటి రాయి దింపబోతేనే మా బండి ఇరుసు ఇరిగింది.”

ఫర్హానాకు నవ్వు రాలేదు. పొద్దున మురిపెంగా అనిపించిన ఆచారం ఇప్పుడు వేరేగా కనబడింది. డిపార్ట్‌మెంటు చెప్పిన జాగ్రత్తే జనం చేతుల్లో పూజ అయింది. పూజ కాబట్టే లస్కర్లు పోయినా, పాకలు కూలినా, ఇన్నాళ్లు తప్పకుండా జరిగింది. కానీ ఇప్పుడు అమ్మ ఉన్నచోట కట్టకు కడుపు లేదు, కడుపున్నచోట అమ్మ లేదు. పెద్ద వరదంటూ వస్తే ఊరు ఊరంతా బస్తాలు మోసుకెళ్లి అక్కర్లేని చోట కుప్ప పోస్తుంది. ఆ పాత చోటు ఎక్కడో వరదలోపు తెలియాలి. తెలియకపోతే రెల్లుపాలెం మిగలదు.

మర్నాడే బాపట్ల వెళ్లి జగన్నాథరావు గారికి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “డెబ్బై ఏడులో రేపల్లె ఆఫీసు కాగితాలన్నీ గుజ్జయిపోయాయమ్మా. తుఫాను తర్వాత కట్టను కొత్తగా ఎత్తు చేశారు, పాత గుర్తులేవీ మిగల్లేదు. మైలు పొడుగు కట్టను తవ్వి చూడలేం గదా. ఆ రాయిని మోసినవాడు ఎవడో ఉండే ఉంటాడు. వాణ్ణి పట్టుకో.” ఆమె లేచి తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచారు. “జాగ్రత్తగా అడుగు. నీ పేరు ఫర్హానా. అమ్మవారి జోలికి వచ్చిందనిపించుకోకు.”

ఆ సంగతి ఆయన చెప్పాలా? పుట్టినప్పటి నుంచీ ఆ పేరుతోనే బతుకుతోంది.

బసవపున్నయ్యను ఆయన కొడుకు గౌతమ్ ఇంట్లో కలిసింది. అమ్మవారి గుడికి ఎగువన అర మైలు దూరంలో, కరకట్టకు వీపు ఆనించినట్టున్న స్లాబు ఇల్లు అది. దాని పక్కనే అంకమ్మ గుడిసె. కోడలు అలేఖ్య కాఫీ తెచ్చి, మేడమ్ మేడమ్ అంటూ పక్కనే కూర్చుంది. ఊళ్లో ఉద్యోగం చేసే ఆడమనిషి కనబడితే ఆ పిల్లకు సంబరం. ఫర్హానా తూము సంగతి, కడుపు సంగతి, బసవపున్నయ్యకు అర్థమయ్యేలా చెప్పింది. తాటితోపు సరిగ్గా ఎక్కడుండేదో చూపించమంది.

“తోపంటే ఒక చెట్టా అండీ? ఫర్లాంగుల కొద్దీ ఉండేది. ఎక్కడని చూపించను?”

“తోపు కాదు బాబాయ్ గారూ. రాయి.”

“అమ్మ” అని సరిదిద్దాడు బసవపున్నయ్య, చిరునవ్వుతోనే. “మీకు మా నమ్మకాలు కొత్త గదండీ. మీరు రాయి అనుకుంటున్నారు. తనంతట తాను కదిలొచ్చిన తల్లిని ఎవరో తవ్వుకొచ్చారంటే ఊరు ఊరుకోదమ్మా. మీ మంచికే చెబుతున్నా.”

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కసురుకున్నా బాగుండేది. కాఫీ గ్లాసు కింద పెట్టేసి, కట్టెక్కి ఆ మైలు దూరమూ కాళ్లీడ్చుకుంటూ నడిచింది. జమ్మూ రెల్లూ పెరిగి కట్ట అంతటా ఒకేలా ఉంది. అంకమ్మనూ మిగతా ముసలాళ్లనూ అడిగితే, తోపు కొట్టుకుపోయి కట్ట ఎత్తయ్యాక ఆ చోటు గుర్తుపట్టలేమన్నారు. ఆ వేసవిలోనూ, ఆ తర్వాత శ్రావణంలోనూ ఎన్నిసార్లు నడిచిందో ఆమెకే తెలియదు. ఆ ఏడు వానలు కూడా సరిగా లేవు. కాలవలకు నీళ్లు వదలడం లేదని రైతులు ఆఫీసు మీదికి వచ్చి తిట్టారు. వరదా గిరదా ఏంటి మేడమ్, ముందు నారుమడి తడపండి అన్నారు. ఫర్హానా కూడా నెమ్మదిగా ఆ మాటలతో గుండె దిటవు చేసుకుంది.

అక్టోబరు వచ్చాక, ఎవరూ అనుకోని వేళ, ఎగువన ఆకాశం చిల్లులు పడ్డట్టు కురిసింది. కర్నూలు మునిగిందని టీవీలో చూపించారు. కృష్ణ అంత నీళ్లతో వస్తుండగా చూసినవాడు బతికున్నవాళ్లలో లేడన్నారు. జగన్నాథరావు గారు ఫోన్ చేసి, “బెజవాడ బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారమ్మా. రేపు మధ్యాహ్నానికి పోటు మన దగ్గరికి వస్తుంది. అన్ని సెక్షన్లకూ సర్దాలి, రెండు లారీల ఇసుక బస్తాలే పంపగలను. ఎక్కడ వేయాలో నువ్వే చూసుకో” అన్నారు.

ఎక్కడ వేయాలో. అదే కదా తెలియంది.

రెల్లుపాలెం కట్ట మీద జనం గుమిగూడారు. ఎప్పుడూ రెల్లు అవతల ఎక్కడో మెరిసే నది కట్ట పక్కనే నిలబడి ఉంది. చప్పుడు లేదు. నురగా, దుంగలూ, ఓ పాక పైకప్పూ, దాని మీద ముడుచుకున్న కుక్క, అన్నీ మాటామంతీ లేకుండా సముద్రం వైపు పోతున్నాయి. లారీలు రాగానే కుర్రాళ్లు బస్తాలు భుజానికెత్తుకుని ఎవరూ చెప్పకుండానే గుడి వైపు నడిచారు. ఫర్హానా అడ్డం నిలబడింది.

“ఆగండి! అక్కడ కాదు. అమ్మ పాతచోటు ఎక్కడో ముందు చెప్పండి. అక్కడే బలహీనంగా ఉంది కట్ట.”

“అమ్మ కాళ్ల దగ్గర పడకుండా ఏ కట్టా నిలబడదు మేడమ్.”

“రాయిని అక్కడి నుంచి ఎవరో తెచ్చి ఇక్కడ పాతారు. ఎవరు పాతారో ఆయనకి తెలుసు!” అనేసింది. అనేశాక గాని తెలియలేదు, వేలు బసవపున్నయ్య వైపు చూపించిందని.

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. వెనకెవరో, సాయిబుల పిల్లకి మన తల్లి గొడవెందుకు అని గొణిగారు. బసవపున్నయ్య చెయ్యెత్తి ఆ మాట అన్నవాణ్ణి వారించాడు. కండువా నడుముకు చుట్టి, గద్దె ముందు కర్పూరం వెలిగించాడు. “తల్లి నా కలలోకి వచ్చిన మాట నిజం. ఎండకి ఓర్చుకోలేకపోతున్నానన్న మాట నిజం. అబద్ధమైతే నా వంశం నిలవదు” అని, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాడు. ఆడవాళ్లు ఒక్కసారిగా దండాలు పెట్టారు. ఇక ఎదురు చెప్పేదెవరు? రెండు లారీల బస్తాలూ పీడలమ్మ చుట్టూ కోటలా లేచాయి. కట్ట అంతటిలోకీ గట్టి చోటు అదే. అంకమ్మ ఆ బస్తాలకు కూడా పసుపు రాసింది.

తర్వాత గాని ఫర్హానాకు తట్టలేదు. కలలోకి వచ్చిందని ప్రమాణం చేశాడు. నడిచి వచ్చిందన్న మాట ఆ ప్రమాణంలో లేదు.

మర్నాడు పొద్దున, పోటు ఇంకా పూర్తిగా రాకముందు, ఆమె ఒక్కతే ఎగువకు నడిచింది. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియదు. గౌతమ్ ఇంటి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రక్కులో ఫ్రిజ్జు, గ్యాసు బండలు, బియ్యం డ్రమ్ములు, గ్రైండరు. అలేఖ్య చీర కుచ్చిళ్లు దోపుకుని ఇత్తడి బిందె మోసుకొస్తోంది.

“ఎక్కడికి అలేఖ్యా?”

“పుట్టింటికి మేడమ్, చెరుకుపల్లి. మావయ్య తెల్లారగానే గుడి దగ్గర నుంచి ఫోన్ చేశారు. ఎవరితో అనకుండా సామాను సర్దుకోమన్నారు. మీరేం అనుకోరుగా?” అని, కొంచెం విసుగ్గా నవ్వింది. “ఆయన చాదస్తం చూడండి. హాల్లో అంత ఖరీదు పెట్టి కొన్న టీవీ ఉంటే, ముందు వంటింట్లోది తియ్యమంటారు. బీరువా సంగతి అడిగితే, అదెక్కడికీ పోదు, వంటిల్లు ఖాళీ చెయ్యి, వంటింట్లోకి మనవరాల్ని పోనివ్వద్దు అని కసిరారు.”

ఫర్హానా అక్కడే ఆగిపోయింది. ఆ ఇంటి వంటిల్లు కట్ట వైపుంది. గోడకీ కట్టకీ మధ్య మనిషి పట్టేంత సందు లేదు. అమ్మ ఎదురుగా పొయ్యి వెలిగించకూడదు. అంకమ్మ ఎన్నడో చెప్పిన మాట. ఆ ఆచారం వల్ల ఎవరూ గుడిసె వేయక ఊరికే పడి ఉన్న నేల ఇది. అమ్మ ఇక్కడి నుంచి కదిలితే గాని ఇక్కడ పొయ్యి వెలగదు. తుఫాను తర్వాత ఊరంతా రేపల్లె బడిలో ఉండి పీనుగుల్ని వెతుక్కుంటున్న రోజుల్లో, ఒక మనిషి ఎడ్లబండి కట్టుకుని వచ్చి, గునపంతో అమ్మను పెకలించి, తీసుకెళ్లి అర మైలు అవతల నాటాడు. ఎక్కడ నుంచి పెకలించాడో మరిచిపోలేదు. మరిచిపోయినవాడైతే ముందు టీవీ తియ్యమనేవాడు.

ఆమె చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తింది. గ్యాసు పొయ్యి తీసేసిన గట్టు కింద, రెండు నాపరాళ్ల మధ్య నుంచి నీళ్లు ఊరుతున్నాయి. వేలెడంత ఊట, తీరిగ్గా, చప్పుడు లేకుండా. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దవాళ్లు చెప్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది. తేటగా ఊరితే కట్ట చెమట, బురదగా ఊరితే కట్ట కండ. దోసిలి పట్టింది. దోసిట్లో నీళ్లు కాఫీ రంగులో ఉన్నాయి.

“అలేఖ్యా, పిల్లని తీసుకుని పో! ఇంకేం వద్దు, పో!”

కట్ట మీద గుడి దాకా ఎలా పరుగెత్తిందో తెలియదు. గుడి మైకు లాక్కుని అరిచింది. బుంగ పడింది, గౌతమ్ ఇంటి వెనక, బస్తాలు అటు మొయ్యండి అంది. ఎవరూ కదల్లేదు. అమ్మ కాళ్ల దగ్గర వేసిన బస్తా తీస్తే కళ్లు పోతాయన్న భయం అందరి ముఖాల్లో కనబడింది. ఆమె బసవపున్నయ్య వైపు చూసింది. ఆయన చెయ్యి రాయి మీదే ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఒకే ఒక్క మాట. ఆయన పెదవులు కదిలాయి గాని అది ఏదో స్తోత్రం.

అప్పుడు ట్రాక్టరు కనబడింది. ట్రక్కు మీద ఫ్రిజ్జూ, దాని పక్కన పిల్లను ఒళ్లో పెట్టుకున్న అలేఖ్యా, కట్ట కింద డొంకలో చెరుకుపల్లి దారి పట్టి పోతున్నారు.

“అదుగో చూడండి! నా మాట వద్దు, అమ్మ మాట వద్దు. ధర్మకర్త గారి సామాను ఎక్కడికి పోతోందో చూడండి!”

జనం ట్రాక్టరును చూశారు. ఆయన్ను చూశారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగలేదు. పిల్లల్నీ ముసలాళ్లనీ చంకనేసుకుని, అందిన గేదెను తోలుకుని, ఊరు ఊరంతా రేపల్లె రోడ్డెక్కింది. ఫర్హానా గొంతు పోయేదాకా అరుస్తూనే ఉంది. నలుగురు కుర్రాళ్లు ధైర్యం చేసి తలా ఒక బస్తా ఎత్తుకుని ఎగువకు పరుగెత్తారు. వాళ్లింకా సగం దూరం వెళ్లకముందే గౌతమ్ ఇంటి స్లాబు ఓ పక్కకు ఒరిగింది. కట్ట పైభాగం కొంచెం కుంగింది, ఇంకొంచెం కుంగింది, ఆ తర్వాత నది లోపలికి వచ్చింది. అంతసేపూ మౌనంగా ఉన్న నీళ్ల గొంతు అప్పుడు విన్నారు.

అంకమ్మ గుడి దగ్గరే ఉంది. అక్కడే ఉంటే బతికేది. అందరూ పారిపోతుంటే గుడిసెలో కట్టేసిన మేక గుర్తొచ్చి, డొంక దారిన ఇంటికి పరుగెత్తింది. ఎన్నో ఏళ్లుగా పక్కింట్లో ఉండి, పిన్నీ పిన్నీ అని పిలిచే బసవపున్నయ్య తెల్లవారగానే ఫోన్ చేసి తన వాళ్లను లేపాడు గాని, ఆ గోడ అవతలికి ఒక్క కేక వేయించలేకపోయాడు. మూడో రోజున అంకమ్మ ఇసుకలో దొరికింది. గుప్పిట్లో మేక పలుపు ఉంది.

నీళ్లు తీశాక రెల్లుపాలెంలో నాలుగు గోడలూ నిలిచిన ఇల్లు లేదు. పీడలమ్మ గుడి మాత్రం, చుట్టూ రెండు లారీల బస్తాలతో, కడిగిన ముత్యంలా ఉంది. ఇంకేం కావాలి? అమ్మ చుట్టూ చుక్క నీరు రాలేదట అని తెనాలి నుంచీ బాపట్ల నుంచీ ఆటోలు కట్టించుకుని వచ్చారు. బసవపున్నయ్య కోడల్ని ముందే ఎలా పంపించాడన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. అమ్మ కలలో కనబడి వంటిల్లు ఖాళీ చెయ్యమందట. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లే టార్పాలిన్ల కింద కూర్చుని ఆ కథ చెప్పుకుంటుంటే, బియ్యం పంచడానికి వెళ్లిన ఫర్హానా కోపాన్ని అణచుకుని, తర్వాతి సంచిలోకి బియ్యం కొలిచింది. ఇంకేం మిగిలిందని వాళ్ల దగ్గర అది కూడా లాక్కోవడం?

వ్యాసం రాసిచ్చింది. జగన్నాథరావు గారు చదివి, రాయి గురించిన పేజీ పక్కన పెట్టారు. “ఇది నిజమే. కానీ చరిత్రకి పనికిరాదమ్మా” అన్నారు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. అయితే ఒక పని మాత్రం చేసి పెట్టారు. గండి పూడ్చినచోట కొత్త రాయి పాతడానికి ఒప్పుకున్నారు. ఫరూక్ చెక్కాడు. జాన్ సైదా పక్కన కూర్చుని, గుండ్రం లోతు చాలలేదని మనవణ్ణి తిట్టి తిట్టి చెక్కించాడు. దాని కింద, ఎవరైనా చదువుకునేటట్టు తెలుగులో, “ఈ రాయి కదిలించరాదు” అని రాయించింది ఫర్హానా.

డిసెంబరులో కట్ట పని చూడటానికి మళ్లీ వెళ్లింది. దూరం నుంచే కొత్త రాయి పచ్చగా కనబడింది. దగ్గరికి వెళ్తే నిలువెల్లా పసుపు, గుండ్రం నిండా కుంకుమ, ముందు రెండు అరటిపళ్లు. అంకమ్మ మామ్మ పోయినచోటని అలేఖ్య మొదలుపెట్టిందట. పసుపు కింద అక్షరాలు కనబడటం లేదు. అయినా ఫర్హానాకు కాస్త ఊరట కలిగింది. మొక్కనీ. మొక్కినన్నాళ్లూ ఇక్కడ బస్తాలు పడతాయి, ఎదురుగా పొయ్యి వెలగదు.

అప్పుడు కట్ట కింద చూసింది. గౌతమ్ ఇల్లు కూలినచోట శిథిలాలు ఎత్తేసి, నేల చదును చేసి, కొత్త పునాదులకు సున్నంతో గీతలు గీసి ఉన్నాయి.

వెనక దగ్గు వినబడింది. బసవపున్నయ్య. ఇస్త్రీ పంచె, కండువా, చేతులు జోడించి ఉన్నాయి. చేతులు విడదీస్తే అరచేతిలో కర్పూరం కాలిన మచ్చ ఇంకా కనబడుతోంది. ఆయన వెనక ఊరి పెద్దలు ఓ పది మంది, భక్తిగా, చెప్పులు విడిచి నిలబడ్డారు.

“మీ కోసమే చూస్తున్నామండీ ఇంజనీరమ్మ గారూ. ఏదైనా మీతో చెప్పే చెయ్యాలని.”

“ఏంటండీ?”

“రాత్రి అమ్మ మళ్లీ కలలోకి వచ్చిందండి.”

ఫర్హానా రాయి వైపు చూసింది. దాని మొదట్లో మన్ను అప్పటికే నాలుగు పక్కలా గునపంతో గుల్ల చేసి ఉంది.

“ఇక్కడ ఎండకి ఓర్చుకోలేకపోతోందట” అన్నాడు బసవపున్నయ్య.